ముకరంపుర నుంచి డేగు దాకా: మహమ్మారిని ముందు పసిగట్టేదెవరు?

2020 మార్చి గుర్తుందా? జనతా కర్ఫ్యూ కూడా ఇంకా రాలేదు, అప్పటికే కరీంనగర్ పేరు టీవీలల్ల మోగిపోయింది. ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక బృందం ఢిల్లీ నుంచి రైల్లో రామగుండం దిగి, మన ఊరికి చేరింది. వాళ్లల్ల కరోనా బయటపడ్డది. ముకరంపుర గల్లీలకు బారికేడ్లు పెట్టిన్రు. వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగి జ్వరం, దగ్గు ఉన్నోళ్లను అడిగి రాసుకున్నయి. కొద్దిమంది స్థానికులకు సోకినా, భయపడ్డంతగా ఊరంతా పాకలేదు.

ఇదే సమయంలో పెద్ద పెద్ద దేశాలు ఎందుకు తడబడ్డయి? మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, మన భాషలోనే చూద్దాం. ఆరోగ్య వ్యవస్థ కూడా ఒక కంట్రోల్ సిస్టమే. పసిగట్టే సెన్సార్ ఉండాలి, నిర్ణయం తీసుకునేవాళ్లు ఉండాలి, పని చేసే చేతులుండాలి. మూడింటిలో ఏది ఆలస్యమైనా, అవుట్‌పుట్ చేయి దాటిపోతుంది.

అమెరికా, దక్షిణ కొరియాల్లో మొదటి కేసు దాదాపు ఒకే సమయంలో, 2020 జనవరి మూడో వారంలో తేలింది. తలసరి ఆరోగ్య ఖర్చులో అమెరికా ప్రపంచంలోనే ముందుంటది. కానీ అక్కడ ప్రభుత్వ సంస్థ సీడీసీ పంపిన తొలి టెస్ట్ కిట్లు సరిగా పని చేయలేదు. వారాలు వృథా అయినయి. అంటే సెన్సారే చెడిపోయిందన్నమాట. కొరియా 2015లో మెర్స్ దెబ్బ తిన్నది. 186 మందికి సోకి, 38 మంది చనిపోయిన్రు. ఆ అనుభవంతో ప్రైవేటు కంపెనీల కిట్లకు ఫిబ్రవరి తొలి వారంలోనే అత్యవసర అనుమతి మొదలుపెట్టింది. డేగు నగరంలో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, కారు దిగకుండనే టెస్ట్ చేసే కేంద్రాలు తెరిచింది.

అయితే వైద్యం ఉచితమైతే చాలా? బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఉంది, ఆసుపత్రికి పోతే బిల్లు భయం లేదు. అయినా టెస్టులు సరిపోక, 2020 మార్చి 12న ఊళ్లల్ల కాంటాక్టులను వెతకడం ఆపేసిన్రు. అదే ఎన్‌హెచ్‌ఎస్ డిసెంబర్ 8 నాటికి ఫైజర్ టీకాలు వేయడం మొదలుపెట్టింది. పసిగట్టడంలో వెనుకబడ్డ వ్యవస్థ, పంచడంలో ముందుకొచ్చింది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది థాయిలాండ్. చైనా బయట మొదటి కేసు తేలింది అక్కడే. సుమారు 7 కోట్ల జనానికి 10 లక్షలకు పైగా గ్రామ ఆరోగ్య వలంటీర్లున్నరు. ఊరికి కొత్తగా ఎవరొచ్చిన్రో వాళ్లకు ముందే తెలుస్తది. 2020లో ఆ దేశం చాలావరకు నిలదొక్కుకుంది. 2021లో డెల్టా వచ్చేసరికి టీకాలు ఆలస్యమై గట్టి దెబ్బే తిన్నది. సెన్సార్ ఒక్కటే బాగుంటే చాలదు మరి.

మనకూ ఆ వలంటీర్ల లాంటోళ్లున్నరు, ఆశా వర్కర్లు. దేశమంతా కలిపి 10 లక్షల మంది. కానీ మన జనాభా 140 కోట్లు!

మా మేనత్త ఉట్నూరు దిక్కు ఆశా వర్కర్. 2021 మే నెలలో రాష్ట్రమంతా ఇంటింటి జ్వర సర్వే నడిచింది కదా, అప్పటి సంగతి. ఒక ఇంటికి పోతే "మాకెవ్వరికీ జరం లేదు" అన్నరట. ఆమె వెనుదిరగబోతూ చూసింది. మే ఎండలో అరుగు మీద ఒక ముసలాయన గొంగడి కప్పుకొని కూసున్నడు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 86. ఆ రోజే ఆదిలాబాద్ రిమ్స్‌కు తోలిన్రు. బతికి వచ్చిండు.

ఆ గొంగడిని ఏ యాప్ పసిగడ్తది? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా వర్కర్లకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. సంతోషమే. కానీ వాళ్లకు నేటికీ పక్కా జీతం లేదు, పారితోషికమే దిక్కు.

అందుకే, ఏ దేశం గొప్పదని వాదించుకునే ముందు రెండు ప్రశ్నలు అడుగుదాం. జ్వరం వచ్చినోడి గడప ముందుగా తొక్కేదెవరు? టెస్ట్ రిజల్ట్ ఎన్ని గంటల్లో వస్తది? ఈ రెండింటికి జవాబు గట్టిగా ఉన్న చోట, తర్వాతి మహమ్మారికి తయారీ సగం అయినట్టే. వానాకాలం మొదలైతే ఏజెన్సీ గూడేల్లో మళ్లీ జ్వరాలొస్తయి. మా అత్త రిజిస్టర్ పట్టుకొని మళ్లీ బయలుదేరుతది.