ఆఖరి చార్జర్ దాటినంక ఏ కారు ఆగుతది?

ఉట్నూరు, జైనూరు, కెరమెరి దిక్కు పోరగాళ్లు ఈ మధ్య ఒక్కటే అడుగుతున్నరు: "అన్నా, కరెంటు కారు తీసుకుంటే మన తొవ్వలకు ఆగుతదా?" కొందరు టాక్సీ నడుపుదామని లోను కోసం తిరుగుతున్నరు. కొందరు పట్నంల నౌకరి చేసుకుంట, పండుగకు సొంత బండిల ఇంటికి రావాలని చూస్తున్నరు. షోరూంకు పోతే సేల్స్ పిల్లగాడు "ఫుల్ చార్జింగుకు 489 కిలోమీటర్లు సార్" అంటడు. గా ఒక్క అంకె చూసి లక్షల అప్పు నెత్తికెత్తుకోకున్రి.

ఆ 489 నెక్సాన్ ఈవీ పెద్ద బ్యాటరీ బండిది. ల్యాబుల రోలర్ల మీద నడిపి తీసిన లెక్క అది. రోడ్డు మీద నాలుగొందల లోపే వస్తదని కంపెనీయే ఇంకో కాడ చెప్తది. మన లెక్క ఇంకా కిందికి ఉండాలె.

ముందుగాల యూనిట్లు తెలుసుకోవాలె. బ్యాటరీకి కిలోవాట్ అవర్ అని రాస్తరు కదా, అది మన కరెంటు బిల్లుల ఉండే యూనిటే. 45 కిలోవాట్ అవర్ అంటే 45 యూనిట్లు పట్టే డ్రమ్ము అనుకోన్రి. నలుగురు కూసొని, సామాను ఏసుకొని, ఏసీ పెట్టుకొని పోతే ఈ సైజు బండి యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు పోతదని నేను పెట్టుకుంట. హైవే మీద 110ల తొక్కితే అదిగూడ రాదు. స్పీడు రెండింతలైతే గాలి నాలుగింతలు అడ్డం తన్నుతది. అందుకే కరెంటు బండికి ఘాట్ కంటె నాలుగు లైన్ల రోడ్డే ఎక్కువ తింటది.

ఘాట్ అంటే మస్తు మంది భయపడ్తరు. మనుషులతోని కలిపి 1,900 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు ఎక్కిందనుకోన్రి. ఎత్తు ఎక్కుడుకే అయ్యే ఖర్చు ఒకటిన్నర యూనిటు, నష్టాలు కలిపినా రెండు లోపే. దిగేటప్పుడు మోటరే బ్రేకు లెక్క పనిచేసి అండ్ల కొంత మళ్ల బ్యాటరీల పోస్తది. కెరమెరి ఘాట్ మిమ్మల్ని ఆపది.

ఆపేది ఏందంటే, ఆఖరి చార్జర్ యాడ ఉన్నదనేది. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ దాంక 44వ నంబరు హైవే సుమారు 300 కిలోమీటర్లు. ఆ రోడ్డు పొంటి చార్జర్లు దొరుకుతయి. హైవే దిగి అడవిల పడ్డంకనే అసలు కథ. నిర్మల్ల నింపుకొని ఖానాపూర్ మీదికెళ్లి ఉట్నూరు, ఆడికెళ్లి జోడేఘాట్ పోయి, మళ్ల నిర్మల్ రావాలంటే 200 దాటుతది. కుమ్రం భీం సమాధికి దండం పెట్టి, నాగోబాను చూసొద్దామని కేస్లాపూర్ గూడ తిరిగితే ఇంకా ఎక్కువ. కాబట్టి కారు కొనేటోడు అడగాల్సింది "ఫుల్ చార్జింగుకు ఎంత పోతది" అని కాదు, "ఆఖరి చార్జర్ కాడికెళ్లి పోయి, మళ్ల ఆ చార్జర్ కాడికే వస్తనా" అని.

30 యూనిట్ల బండి చూడున్రి. ఐదో వంతు ఆపతికి పక్కకు పెట్టాలె, ఎందుకంటే వానకు తొవ్వ తెగితే చుట్టు తిరిగి రావాలె. మిగిలేది 24 యూనిట్లు, అంటే 156 కిలోమీటర్లు. చాలది. 45 యూనిట్లదైతే 36 మిగుల్తయి, 234 కిలోమీటర్లు. బొటాబొటి సరిపోతది. ఇండ్ల ఒక కిరికిరి ఉన్నది. ఫాస్ట్ చార్జర్ 80 శాతం దాంక జల్ది ఎక్కిస్తది, ఆ తర్వాత నత్త నడక. తొందరపడి 80 కే తీగ పీకితే మీ చేతుల ఉండేది 175 కిలోమీటర్లే. ఆఖరి చార్జర్ కాడ నిమ్మలంగ బువ్వ తిని, 100 అయినంకనే కదలాలె.

రాత్రి ఊర్ల ఆగుతే 16 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టొచ్చు. గంటకు సుమారు మూడు యూనిట్లు గుంజుతది. ఎనిమిది గంటలు పెడ్తె, నష్టాలు పోను, పొద్దుగాల వరకు 130 కిలోమీటర్లకు తక్కువ రాదు. గానీ మన ఇండ్లల్ల అర్తింగు యాడిది? అర్తింగు లేకుంటే కారు చార్జర్ ఎర్ర లైటు చూపించి మొండికేస్తది. అది ఖరాబు గాదు, మనిషికి షాక్ కొట్టొద్దని పెట్టిన ఏర్పాటు. కారు బుక్ చేసే ముందే లైన్‌మెన్‌తోని కాదు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోని అర్తింగు గుంత తీయించి, దొడ్డు వైరు ఏయించున్రి. సన్న వైరు మీద రాత్రంత మూడు యూనిట్ల లోడు పెడ్తె కాలుతది. బాయికాడి ఫిరీ కరెంటు దిక్కు మాత్రం చూడకున్రి. ఎవుసం కనెక్షన్ను వేరే పనికి వాడితే జుర్మానా పడ్తది.

ఇగ బండి కింది భాగం. బ్యాటరీ మన కాళ్ల కిందనే పరిచి ఉంటది. పెట్రోల్ బండికి రాయి తాకితే మెకానిక్ చూసుకుంటడు. ఈడ తాకేది కారుల అన్నింటికంటె ఖరీదైన వస్తువుకు. టియాగో ఈవీ నేలకు 166 మిల్లీమీటర్ల ఎత్తు, పెద్ద బ్యాటరీ నెక్సాన్ 190. నలుగురు కూసుంటే రెండూ ఇంకా కుంగుతయి. గూడెం తొవ్వలకు నేనైతే 190కి తక్కువది చూడ. కింద దెబ్బ తాకితే వారంటీ వర్తిస్తదా, ఇన్సూరెన్స్ ఇస్తదా అని కాయిదం మీద రాయించుకోన్రి, నోటి మాట పనిచెయ్యది. వాగుల సంగతి గూడ అంతే. ఐపీ 67 అంటే ఒక మీటరు లోతు నిలిచిన నీళ్లల్ల అరగంట ఉన్నా బ్యాటరీలకు నీళ్లు పోవని. పారే వాగు కారునే గుంజుకపోతది, ఆ అంకెకు దానితోని సంబంధం లేదు.

చార్జర్ ఉన్నా నడిపించేది ఫోన్ల యాప్, దానికి ఓటీపీ. అడవిల సిగ్నల్ ఉండది. హైవే మీద ఉన్నప్పుడే రెండు మూడు యాప్‌లు ఏసుకొని, పైసలు ఎక్కించుకోన్రి.

నాకు కోపం వచ్చేది ఇక్కడనే. మన సర్కారు 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాంక ఈవీలకు రోడ్డు టాక్సు మాఫీ చేసింది. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ అని 10,900 కోట్లు పెట్టి, అండ్ల 2,000 కోట్లు చార్జర్లకని చెప్పింది. మంచిదే. గానీ టాక్సు మాఫీ కారు కొనగలిగేటోనికి దక్కుతది, చార్జర్ ఊరందరికీ పనికొస్తది. ఉట్నూరుల ఐటీడీఏ ఆఫీసున్నది, జాగ ఉన్నది, కరెంటు ఉన్నది. ఆడ ఒక్క ఫాస్ట్ చార్జర్ పెడ్తె 45 యూనిట్ల బండికి బొటాబొటి ఉన్న లెక్క నిమ్మలమైతది. 30 యూనిట్ల బండి కొనే పేదింటి పిల్లగాడు గూడ టాక్సీ నడుపుకోగలుగుతడు. జైనూరుల ఒకటి, ఆసిఫాబాద్ల ఒకటి అడగాలె. గ్రామ సభల తీర్మానం చేసి, ఐటీడీఏకు రాసియ్యున్రి. నకలు మీ దగ్గర పెట్టుకోన్రి.

ఇంకో రెండు ముచ్చట్లు ఉన్నయి. చాలా ఈవీలకు స్టెప్నీ ఉండది, పంక్చర్ డబ్బా ఇచ్చి చేతులు దులుపుకుంటరు. టైరు పక్క చీలితే ఆ డబ్బా పనిచెయ్యది. అడిగి స్టెప్నీ పెట్టించుకోన్రి, డిక్కీల జాగ పోయినా సరే. ఇగ బండి ఆగిపోతే, ట్రాక్టరుకు తాడు కట్టి గుంజకున్రి. మోటరుకు తగిలిన చక్రాలు నేల మీద తిరుగుతే మోటరు కరెంటు పుట్టిస్తది, లోపల పార్టులు కాలుతయి. మొత్తం బండిని మీదికెక్కించుకునే లారీనే పిలవాలె. అది మీ మండలానికి ఎన్ని గంటల్ల వస్తదో, వచ్చేదాని కిరాయి ఎవలు కడ్తరో, అడ్వాన్స్ ఇచ్చే ముందే షోరూంల అడగున్రి.