దోహాలో ఓ ‘కుంఫిణీ’ ఇల్లు: మీకు తెలుసా?

శుక్రవారం వచ్చిందంటే దోహా ఏషియన్ టౌన్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. జగిత్యాలవాళ్ళు, కడపవాళ్ళు, కోనసీమవాళ్ళు అందరూ అక్కడే కలుస్తారు. ఇంటికి డబ్బు పంపడం, వారానికి సరుకులు కొనుక్కోవడం, వీలుంటే ఒక సినిమా, పొద్దుపోయేసరికి మళ్ళీ క్యాంపు. ఒక్క శుక్రవారం ఈ వరుస మార్చి చూడమని నా మనవి. బస్సులో వెళ్ళి మెట్రో అందుకుని మషీరిబ్ స్టేషన్‌లో దిగితే, నడిచి వెళ్ళేంత దూరంలోనే నాలుగు పాత ఇళ్ళున్నాయి. 2015 నుంచి అవి మ్యూజియాలు. టికెట్ అక్కర్లేదు. తెరిచే వేళలు మాత్రం ముందుగా కనుక్కుని బయలుదేరండి. వాటిలో ఒకదాని పేరు కంపెనీ హౌస్.

ఏ కంపెనీ అది?

ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ. 1935 మే 17న ఖతర్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిం ఈ కంపెనీకి చమురు వెతుక్కునే హక్కు రాసిచ్చారు. ఖతర్‌లో మొదటి చమురు కంపెనీ ఆఫీసు ఈ ఇంట్లోనే ఉండేది. ఆంగ్లో పర్షియన్‌లో సగానికి పైగా వాటా 1914 నుంచీ బ్రిటిష్ ప్రభుత్వానిదే. మన పెద్దలు కుంఫిణీ అన్నది ఈస్టిండియా కంపెనీని. అది వేరు, ఇది వేరు. కానీ వ్యాపారమూ దొరతనమూ ఒకే గొడుగు కింద నడవడం తెలుగువాళ్ళకు కొత్త సంగతేమీ కాదు.

ఖతర్ వ్యవహారాలు ఒకప్పుడు మన ఢిల్లీ దాకా వెళ్ళేవని మీకు తెలుసా?

1916 నవంబరు 3న కుదిరిన ఒప్పందంతో ఖతర్ విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చేతికి వెళ్ళాయి. గల్ఫ్ మొత్తానికి ఒక బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంట్, ఇరాన్ తీరాన బూషహర్‌లో కూర్చునేవాడు. 1947 దాకా అతని పైఅధికారం బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానిదే. హైదరాబాద్ కోఠీలో ఉన్న రెసిడెంటుదీ అదే హోదా. కాకపోతే కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించినది ఎత్తైన స్తంభాలు, విశాలమైన తోటలు ఉన్న రాజభవనం. ఇక్కడ కంపెనీ కాపురం పెట్టింది మామూలు అరబ్బు లోగిలిలో. నాకైతే ఈ లోగిలే ఎక్కువ మాట్లాడుతుంది. ఎందుకంటే ఇక్కడ దొరల కథ పక్కకు జరిగి, కూలీల కథ ముందుకొచ్చింది.

దుఖాన్‌లో మొదటి బావి తవ్వకం 1938లో మొదలైంది. ఆ ఊరు దోహాకు ఎనభై కిలోమీటర్ల దూరాన, పడమటి తీరంలో ఉంది. అప్పటికే జపాన్ పెంపుడు ముత్యాలు బజారుకొచ్చి గల్ఫ్ ముత్యాల వ్యాపారాన్ని దెబ్బతీశాయి. సముద్రంలో మునిగి ముత్యాలు తీసిన మనుషులే ఇనుప గొట్టాలు మొయ్యడానికి ఎడారికి వచ్చారు. చమురు పడింది. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. 1942లో బావులను సిమెంటుతో మూసేశారు. పని పోయింది, ఊళ్ళు ఆకలితో అలమటించాయి, ఎందరో వలసపోయారు. 1947లో పని మళ్ళీ మొదలైంది. మొదటి చమురు ఓడ కదిలింది 1949 డిసెంబరు 31న. ఆ తొలి కార్మికులూ వాళ్ళ కుటుంబాలూ చెప్పిన జ్ఞాపకాలే కంపెనీ హౌస్‌లోని ప్రదర్శనకు ఆధారం. ఎండలో పైపు మోసిన భుజం ఎలా ఉంటుందో సనయ్యా (పారిశ్రామికవాడ) నుంచి వచ్చినవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. గుమాస్తాలుగా, పనివాళ్ళుగా భారతీయులు కూడా ఆ కంపెనీలో పనిచేశారు.

వాళ్ళ జీతం ఏ డబ్బులో అనుకుంటున్నారు? రూపాయల్లో! ఖతర్‌లో అప్పుడు చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966 దాకా అవి నడిచాయి. తపాలా బిళ్ళల సంగతీ అంతే. 1957లో బ్రిటన్ రాణి బొమ్మ మీద ఖతర్ పేరూ, నయాపైసల్లో ధరా ముద్రించి అమ్మారు.

అదే ఆవరణలో బిన్ జల్మూద్ హౌస్ ఉంది. హిందూ మహాసముద్రం మీదుగా సాగిన బానిస వ్యాపారం గురించి చెప్పే మ్యూజియం ఇది. దీన్ని చూడకుండా వచ్చేయకండి. ఖతర్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. అంతకు ముందు చమురు బావుల దగ్గర పనిచేసినవాళ్ళలో బానిసలూ ఉన్నారు. కంపెనీ ఇచ్చిన కూలిలో పెద్ద వాటా యజమాని తీసుకునేవాడు. రద్దు చేసినప్పుడు నష్టపరిహారం అందింది కూడా యజమానులకే. ఇంత చేదు నిజాన్ని నగరం నడిబొడ్డున పెట్టి అందరికీ చూపించడం గొప్ప ధైర్యమని నేను మనస్ఫూర్తిగా అంటాను.

ఈ ఇళ్ళలో గదులు ఇరుకుగా ఎందుకున్నాయో తెలుసా?

పైకప్పు దూలాల వల్ల. ఎడారిలో దూలానికి పనికొచ్చే చెట్లు లేవు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మడ చెట్ల వాసాలు పడవల మీద వచ్చేవి. వాసం ఎంత పొడుగో గది అంత వెడల్పు. గోడలకు సముద్రం నుంచి తీసిన పగడపు రాయి, పైన ఈత చాపలు, మట్టి. మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న ముంగిలి. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగిపోతారు. అక్కడ ఆ ఖాళీలోంచి వాన దిగుతుంది, ఇక్కడ గాలీ నీడా.

మూడో ఇంటిని మహమ్మద్ బిన్ జాసిం హౌస్ అంటారు. మిగిలిన రద్వానీ హౌస్ 1920లలో కట్టినది. దాని నేలను పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే పాత బావి బయటపడింది. అన్నట్టు, మషీరిబ్ అంటే అరబ్బీలో నీళ్ళు తాగే చోటు.