అడవి దారిలో ఎవరు ఆగాలి?
నల్లమలలో జీపుకు, కాలినడకకు, పశువుకు, పులికి ఒకటే బాట.. పెరుగుతున్న వాహనాలతో చిక్కులు

ఆత్మకూరు (నంద్యాల జిల్లా): నల్లమల అడవిలో బాటలకు కొదవ లేదు. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాదయాత్ర దారి వాటిలో ప్రాచీనమైనది. కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించిన సంగతి విదితమే. దోర్నాల ఘాట్ రోడ్డు పక్క నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి సన్నిధికి పోయే జీపుబాట మరొకటి. ఇవికాక బేస్ క్యాంపులకు అటవీశాఖ వేసుకున్న బాటలు, పశువులు తొక్కి తొక్కి ఏర్పడిన డొంకలు, చెంచుగూడేల నుంచి తేనె, జిగురు కోసం వెళ్లే సన్నని జాడలు ఎన్నో ఉన్నాయి. చాలాచోట్ల ఇవి ఒకదానితో ఒకటి కలుస్తాయి, కొంతదూరం ఒకటిగానే సాగుతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

తారు రోడ్డుపై ఎవరు ఎటు పోవాలో బోర్డులు చెబుతాయి. ఒక్క బండి మాత్రమే పట్టే అడవి బాటలో ఆ సౌకర్యం లేదు. మలుపు తిరగగానే జీపు ముందు తలపై మూటతో నడిచే భక్తుడు, లేదా వంద గొర్రెల మంద ప్రత్యక్షమైతే ఎవరు ఆగాలి? నడిచేవారు రాళ్ల మీదికి ఎగబాకి తప్పుకోవడమే ఇప్పటివరకు జరుగుతున్న తీరు. బండి బరువైనది, వేగమైనది కనుక బలహీనుడు తప్పుకుంటున్నాడు. ఇది సంప్రదాయం కాదు, కేవలం భయం.

వాహనాలు తక్కువగా ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. అడవిలో అటవీశాఖ జీపు, వెదురు లారీ తప్ప మరొకటి కనిపించేది కాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కొత్తతరం వాహనాలు, కొండలెక్కే మోటారు సైకిళ్లు నగరాల్లో విరివిగా అమ్ముడవుతున్న ఈ కాలంలో పరిస్థితి మారింది. శ్రీశైలం దర్శనానికి వచ్చి, పనిలో పనిగా అడవిలోకి బండి తిప్పి చూద్దామనే ఉబలాటం పెరిగింది. రాళ్లమీద జీపు ఎగిరిపడే దృశ్యాన్ని ఫోనులో చూసి ముచ్చటపడేవారికి ఆ బాట పక్కన ఎవరు నిలబడి దుమ్ము మింగారో కనిపించదు.

రోడ్డు దిగితే చట్టం మారుతుంది

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో అది పులుల సంరక్షణ కేంద్రమైంది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం కృష్ణానది ఆవలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన భాగమే సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలలో ఇదే పెద్దది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. దోర్నాల నుంచి శ్రీశైలానికి ఎవరి అనుమతీ లేకుండా పగటిపూట వెళ్తున్నాం కదా, అదే అడవిలో పక్కబాట పడితే తప్పేమిటని వాదించేవారు ఉన్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972లోని 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ప్రవేశాన్ని నియంత్రిస్తూనే, ప్రజా రహదారి వెంబడి సాగిపోయేవారికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు రహదారికే పరిమితం. చక్రం రోడ్డు దిగి అడవి బాటపై పడిన క్షణమే అది వర్తించదు. అక్కడి నుంచి 28వ సెక్షన్ ప్రకారం అనుమతి పత్రం ఉండాలి. పర్యాటకం, ఫొటోగ్రఫీ, పరిశోధన, లోపల నివసించే వారితో న్యాయబద్ధమైన పని వంటి కారణాలకే ఆ అనుమతి లభిస్తుంది. అభయారణ్యంలో చెత్త వేయడాన్ని, జంతువులను వేధించడాన్ని కూడా 27వ సెక్షనే నిషేధిస్తోంది. ప్రమాదకరంగా నిప్పు రాజేయడం, ఆర్పకుండా వదిలిపోవడం 30వ సెక్షన్ కింద నేరం.

కనుక సొంత జీపులో సరదాగా అడవి చుట్టి రావడమనే ఆలోచనకు పులుల అభయారణ్యంలో తావు లేదు. అనుమతి ఉన్న బాటలో, అనుమతి ఉన్న వాహనంలో వెళ్లడం ఒక్కటే మార్గం.

చెంచుల సంగతి వేరు. ఆ అడవే వారి ఊరు. అటవీ హక్కుల చట్టం-2006 వారి నివాసాన్ని, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణను హక్కుగా గుర్తించింది. కొందరు చెంచులు అటవీశాఖ బేస్ క్యాంపులలో రక్షణ సిబ్బందిగా పనిచేస్తూ పులుల జాడలను కనిపెడుతున్నారు. వారు నడిచే బాటలోకి వాహనంతో వచ్చినవారు అతిథులే తప్ప యజమానులు కారు.

ఎదురుపడినప్పుడు..

ఎవరు ఆగాలన్న ప్రశ్నకు జవాబు కొత్తగా కనిపెట్టనక్కర లేదు. కొంత చట్టంలోనే ఉంది. కొండదారుల్లో రెండు వాహనాలు పట్టనంత ఇరుకు ఉన్నప్పుడు దిగే వాహనం ఆగి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలని 1989 నాటి రహదారి నియమాల్లోనే చెప్పారు. ఎత్తు ఎక్కే బండి మధ్యలో ఆగితే వెనక్కి జారుతుంది, మళ్లీ కదిలించేటప్పుడు చక్రాలు గిర్రున తిరిగి బాటను తవ్వేస్తాయి. నిబంధన వెనకున్న కారణం అదే.

పశువుల విషయంలో మోటారు వాహనాల చట్టం-1988లోని 132వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. తన పశువు వాహనాన్ని చూసి బెదిరి అదుపు తప్పుతుందని కాపరి భావించి ఆపమని కోరితే, డ్రైవరు వాహనాన్ని ఆపి, అవసరమైనంత సేపు నిలిపి ఉంచాలి. గొర్రెల కాపరి చెయ్యెత్తితే ఆగడం డ్రైవరు దయ కాదు, ఆగకపోతే తప్పు. ఈ సంగతి కాపరులలో ఎక్కువమందికి తెలియదు. డ్రైవర్లలో తెలిసినవారు అంతకంటే తక్కువ.

మంద ఎదురైతే పక్కకు తీసి ఇంజిన్ ఆపివేయడం ఉత్తమం. ఆగి ఉన్న జీపు చప్పుడు కూడా గొర్రెలను రెండు ముక్కలుగా చీలుస్తుంది. చీలిన మందను అడవిలో మళ్లీ ఒకచోటికి చేర్చడానికి కాపరికి పూట గడిచిపోతుంది. ఈలోగా తప్పిపోయిన గొర్రె చిరుతకు ఆహారం కావచ్చు. హారన్ మోగించి దారి చేసుకున్న డ్రైవరుకు మిగిలేది నాలుగు నిమిషాలే.

కాలినడకన వచ్చేవారు ఎదురైతే మనిషి నడక వేగానికి తగ్గాలి, ఇరుకు ఉంటే ఆగాలి. వెనుక ఇంకెన్ని బండ్లు వస్తున్నాయో ముందు బండి వారు చేతివేళ్లతో చూపి చెబితే సగం ప్రమాదం తప్పినట్టే. ఒక జీపు పోయింది కదా అని బాట మధ్యకు వచ్చినవారికి రెండో జీపే ముప్పు. వరుసగా పోయే బండ్లు ముందు బండి దుమ్ము అణిగేంత ఎడం పాటించాలి. గుడ్డి మలుపుల వద్ద హారన్ కొట్టడం ఘాట్ రోడ్డు అలవాటు. అడవి లోపల అది పనికిరాదు, వేగం తగ్గించడమొక్కటే ఉపాయం.

నడిచేవారికీ కొంత బాధ్యత ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పదిమంది బాటంతా పరచుకొని నడిస్తే ఎంత నెమ్మదస్తుడైన డ్రైవరుకైనా ఇబ్బందే. బండి వస్తున్నప్పుడు అందరూ ఒకే పక్కకు, అదీ లోయ వైపు కాకుండా కొండ వైపు నిలబడాలి. సగం మంది ఇటు, సగం మంది అటు తప్పుకోవడం, చివరి క్షణంలో పిల్లవాడు అమ్మ ఉన్న వైపుకు పరుగెత్తడం తిరునాళ్ల రోజుల్లో తరచూ కనిపించే దృశ్యాలే.

ఇష్టకామేశ్వరి బాటలో జీపు తోలేవారిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. ఆ రాళ్లదారిలో బండి నడపడం వారి జీవనాధారం. ప్రతి బండరాయి, ప్రతి మలుపు వారికి తెలుసు. అయితే ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత ఆదాయమనే లెక్క ఉన్నంతకాలం తొందర ఉంటుంది. త్వరగా పోనివ్వమని డ్రైవరును తొందరపెట్టే భక్తులకు కూడా ఇందులో వాటా ఉంది.

బురద పక్కన మరో బాట

నల్లమల నేల చూడటానికి గట్టిది. అడుగున పలకరాయి, చెకుముకి వంటి గట్టి రాయి, పైన పలుచని మన్ను. ఆ మన్నే గడ్డికి, మొలకకు ఆధారం. వాన కురిసిన వారం రోజుల్లో జీపు పోతే చక్రాల కింద గాడి పడుతుంది. తర్వాతి వానకు నీరు ఆ గాడినే కాలువ చేసుకుంటుంది. రెండు మూడు వర్షాకాలాలకు అది మోకాలి లోతు గండిగా మారి, మన్ను వాగులోకి, వాగు నుంచి చెరువులోకి చేరుతుంది. మిగిలేది రాళ్ల గుట్ట. అందులో జీపు ఎలాగో పోతుంది కానీ చెప్పులు లేకుండా నడిచే భక్తుడు, కట్టెల మోపుతో వచ్చే ఆడమనిషి పోలేరు.

దీనికంటే ఎక్కువ చేటు చేసేది మరొకటి ఉంది. బాట మధ్య బురద గుంట కనిపించగానే బండిని పక్కకు తిప్పి, గడ్డి మీదుగా పోనివ్వడం చాలామందికి అలవాటు. మరుసటి రోజు వచ్చినవాడు ఆ కొత్త జాడలో పోతాడు. అదీ బురద కాగానే మూడోవాడు ఇంకాస్త పక్కకు పోతాడు. చూస్తుండగానే ఒక బండి బాట నాలుగు బండ్ల వెడల్పు అవుతుంది. మొదటివాడు గుంట గుండానే నెమ్మదిగా పోయినా, లేక వెనుదిరిగినా ఇంత జరిగేది కాదు. బురదలో దిగగలదనే కదా ఆ ఖరీదైన బండి కొన్నది! వాగు దాటేటప్పుడు కూడా ఉన్న రేవులోనే దాటాలి. గట్టు తెగిన కొత్తచోట వాన వచ్చిన ప్రతిసారీ కోత పెరుగుతుంది.

చక్రాల మధ్య ఇరుక్కున్న మట్టిలో వయ్యారిభామ వంటి కలుపు గింజలు అడవి లోపలికి చేరతాయి. ఊళ్లోనే చక్రాలు కడిగి బయలుదేరితే సరిపోతుంది. వాగులో బండి కడగడం మాత్రం నేరమని భావించాలి. వేసవిలో అటవీశాఖ ట్యాంకర్లతో సాసర్ పిట్లు నింపవలసిన అడవి ఇది. మిగిలిన ఆ కాస్త నీటిలో ఆయిలు కలిపితే దుప్పి ఎక్కడ తాగాలి?

ఫిబ్రవరి నుంచి మే వరకు మరో భయం నిప్పు. ఆకు రాల్చే అడవి కావడంతో నేలంతా ఎండుటాకులు, బోదగడ్డి పరచుకొని ఉంటాయి. చాలాసేపు ఎత్తు ఎక్కిన బండి సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. దాన్ని ఎండుగడ్డిపై నిలిపితే అగ్గిపుల్లతో పనిలేదు. బండి ఆపేది రాతినేలపైనో, ఖాళీ మట్టిపైనో కావాలి. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

పులిదీ అదే బాట

పొదల్లో పడి పోయే కంటే చదునైన బాటపై నడవడం పులికీ సుఖమే. అందుకే పులుల లెక్కింపు కోసం కెమెరాలను అడవి బాటలకు ఇరువైపులా చెట్లకు అమర్చుతారు. ఉదయం సిబ్బంది బాటపై మెత్తని దుమ్ములో పాదముద్రలు వెతుకుతారు. రాత్రి ఏ జంతువు ఎటు పోయిందో ఆ దుమ్మే వారికి చెబుతుంది. తెల్లవారకముందే అనుమతి లేని బండ్లు ఆ దారిన పోతే ఒక రాత్రి సమాచారమంతా టైర్ల కింద చెరిగిపోతుంది.

వన్యప్రాణి ఎదురైనప్పుడు వెంటపడటం, లైటు వేయడం, ఫోను కోసం దిగడం ప్రాణాంతకం. పిల్లలతో ఉన్న ఎలుగుబంటి పులికంటే ప్రమాదకరమని అడవి ఎరిగినవారు చెబుతారు. బండిలో ఉన్నవాడు అద్దం వేసుకుని తప్పించుకుంటాడు. అతను రెచ్చగొట్టిన ఎలుగు కాసేపటికి ఎదురయ్యేది తేనెకు పోయిన చెంచుకు.

శివరాత్రికి, ఉగాదికి పాదయాత్ర దారిలో రద్దీ అమితంగా ఉంటుంది. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు రోజుల తరబడి నడిచి వస్తారు. అన్నదానానికి, తాగునీటికి సామగ్రి చేరవేసే వాహనాలు అవసరమే. అయితే అవి భక్తులు బసచేసి ఉన్న వేళల్లో కదిలితే ఇరువర్గాలకూ సుఖం. కృష్ణకు ఆవల అమ్రాబాద్ అడవిలో చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరలోనూ ఇదే సమస్య. బండ్లు ఆగేచోటు, నడక మొదలయ్యేచోటు స్పష్టంగా వేరుచేయకపోతే రెండూ కలిసి ఊపిరాడని పరిస్థితి ఏర్పడుతుంది.

వర్షాకాలంలో పులుల సంతానోత్పత్తి దృష్ట్యా జూలై నుంచి సెప్టెంబరు వరకు అభయారణ్యంలో సఫారీలు, ట్రెక్కింగ్ నిలిపివేస్తారు. నేల మెత్తబడి గాళ్లు పడే కాలమూ అదే కావడంతో ఈ విరామం బాటలకూ మేలు చేస్తోంది. ప్రయాణం పెట్టుకునేవారు ముందుగా అటవీశాఖ కార్యాలయంలో విచారించడం మంచిది. దోర్నాల-శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఏ కాలంలోనైనా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. ఇష్టకామేశ్వరి నుంచి తిరుగు ప్రయాణం ఆలస్యమైనవారు గేటు వేళను దృష్టిలో ఉంచుకుని వెలుతురు ఉండగానే బయలుదేరాలి. చీకట్లో గేటు అందుకోవాలని పెంచే వేగమే దారిలో అన్నిటికంటే ఎక్కువ ప్రమాదాలకు తావిచ్చేది.