తిరగెయ్యని అట్టు

అట్టు అనగానే మన ఇళ్ళలో పెనమూ, అట్లకాడా రెండూ ఒక్కసారే గుర్తుకు వస్తాయి. అయితే అట్లకాడతో తిరగెయ్యనక్కరలేని అట్టు ఒకటి ఉన్నది. ఉత్తరాఫ్రికాలో మొరాకో, అల్జీరియా దేశాలవారు దానిని ‘బగ్రీర్’ అంటారు. గోధుమరవ్వ పిండిని పులియబెట్టి, పెనంమీద ఒకవైపే కాలుస్తారు. కాలుతూండగా పైవైపున సన్నని చిల్లులు వందలకొద్దీ పడతాయి. దానిమీద వెన్నా తేనే కరిగించి పోస్తే, ఆ చిల్లులన్నీ చుక్క మిగల్చకుండా పీల్చుకుంటాయి. రంజాన్ నెలలో అక్కడి ఇళ్ళలో దీనికి ప్రత్యేకమైన గిరాకీ.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా కాసాబ్లాంకాలో రెండేళ్ళుండి వచ్చి ఈ అట్టును మాకు నేర్పాడు. పిల్లలకు అది నచ్చింది గాని, “దీంట్లో చాకొలెట్ వెయ్యకూడదా, అమ్మా?” అని పేచీ మొదలుపెట్టారు. సరిగ్గా ఆ వారమే మా మామయ్యగారు ఊరినుంచి బెజవాడ వచ్చారు. ఆయనకు ఏలూరు దగ్గర కొబ్బరితోట ఉంది. కొబ్బరిచెట్ల నీడన అంతరపంటగా కోకో వేసి చాలా ఏళ్ళయింది. దేశంలో కోకో ఎక్కువగా పండే రాష్ట్రం మనదే. కాయలు కొట్టి, గింజలు ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. 2024 డిసెంబరులో ప్రపంచపు బజారులో టన్ను 12 వేల డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి, మన రైతులు ఏలూరులో ఆందోళనకు దిగారు.

“ఇన్నేళ్ళు పండించారు కదా, మామయ్యగారూ, ఎప్పుడైనా రుచి చూశారా?” అని అడిగాను.

“పచ్చికాయలోని తెల్లగుజ్జు చప్పరించాం. గింజను ఏం చేస్తారో మాకెందుకమ్మా? తూకం వేసి పంపేస్తాం” అన్నారాయన.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకున్నది. వడ్లు పండించినవాడు అన్నం తింటాడు, చెరుకు వేసినవాడు బెల్లం రుచి చూస్తాడు. మరి ఈ పంటకేమిటీ శిక్ష? ఆయన సంచీ అడుగున నమూనాకు తెచ్చిన గింజలు రెండు గుప్పిళ్ళున్నాయి. అవి పుచ్చుకున్నాను.

మా అత్తయ్యగారు వాటిని మూకుట్లో సన్నసెగమీద వేయించి, చల్లారాక నలిపి, చేటలో చెరిగి పొట్టు పోగొట్టారు. ఇద్దరం రోట్లో వేసి దంచాం. పొడి కావలసింది కాస్తా జిగట ముద్దయి కూర్చున్నది! ఏదో తప్పు చేశామనుకున్నాం గాని, తప్పేమీ లేదు. కోకో గింజలో ఇంచుమించు సగం కొవ్వే. ఆ కొవ్వును పిండి తీసివేసే యంత్రానికి వాన్ హౌటెన్ అనే డచ్చివారు 1828లో హక్కులు పొందారు. బజారులో మనం కొనే కోకోపొడి పుట్టుక అదీ. మన రోటికి ఆ విద్య ఎక్కడిది?

సరే, ఆ ముద్దనే పిండిలో కలిపి పోశాను. అట్టు నల్లగా వచ్చింది, కాని ఒక్క చిల్లు పడితే ఒట్టు. కొవ్వుతో పిండి బరువెక్కి, బుడగలు పైకి రాలేదన్నమాట. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. అప్పుడు అత్తయ్యగారే, “అట్టును అట్టులాగే పొయ్యవే. ముద్దను పాకంలో కలుపు” అన్నారు.

అలాగే చేశాం. రెండు కప్పుల సన్నరవ్వ, అరకప్పు మైదా, చెంచాడు ఈస్టు, చెంచాడు పంచదార, తగినంత ఉప్పు, మూడుకప్పుల గోరువెచ్చని నీళ్ళు కలిపి మిక్సీలో మెత్తగా తిప్పాను. చెంచాడు బేకింగ్ పౌడరు వేసి అరగంట ఉంచాను. పిండి మజ్జిగకంటె కాస్త చిక్కగా ఉండాలి. అంటుకోని పెనంమీద నూనె వెయ్యకుండా, మధ్యరకం సెగమీద పోయాలి, గరిటెతో పరచకూడదు. పైన తడి ఆరిపోతే దింపి గుడ్డమీద విడివిడిగా వెయ్యాలి. వేడిమీద దొంతర పెడితే అంటుకుపోతాయి. ఇంకొక పొయ్యిమీద అచ్చు బెల్లం కరిగించి వడకట్టి, నాలుగు చెంచాల కోకోముద్ద, రెండు చెంచాల నెయ్యి కలిపి లేతపాకం దింపాం.

ఆ పాకం పొయ్యగానే చిల్లులన్నీ నల్లబడ్డాయి. పిల్లలు చప్పుడు చెయ్యకుండా తిన్నారు. మామయ్యగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు.

“చివర కాస్త చేదు తగులుతోంది, అమ్మాయ్” అన్నారు.

“గింజ గుణమే అంత, మామయ్యగారూ. బెల్లం ఇంకాస్త వెయ్యనా?”

“వద్దు, వద్దు. ఉండనీ. ఇంకొకటి పొయ్యి.”

ఇప్పుడు గింజలు ఎండినప్పుడల్లా, తూకానికి పంపేముందు, ఒక డబ్బాడు తీసి ఇంట్లో ఉంచుతున్నారట. ధర ఎంత పలికినా సరే, ఆ డబ్బా మాత్రం అమ్మకానికి కాదట.