పాత బోటు ఇంజను మాటిమాటికీ ఆగిపోతుంటే

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రం వైపు సాగుతుంది. ఆ పాయల నడుమ లంకల్లో కాపురముండే కుటుంబాలకు పడవే రోడ్డు, పడవే బస్సు. కొబ్బరికాయలు సంతకు చేరాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా ఏరు దాటవలసిందే. అందుకే మేము ఐదు కుటుంబాల వారం కలిసి, తలా పదిహేను వేలు వేసుకొని, ఒక పాత ఫైబరు బోటును, వెనుక తగిలించే పెట్రోలు ఇంజనుతో సహా కొన్నాం. ఆ ఇంజను మాకు నేర్పిన పాఠం పాత బోటు ఉన్న ఇళ్లకూ, కొనబోయే ఇళ్లకూ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

వేసవి అంతా బోటు చక్కగా నడిచింది. వరదలు రాగానే దాన్ని ఒడ్డుకు లాగి, ఇంజనునూ పెట్రోలు ట్యాంకునూ తోటలోని పాకలో రెండు నెలలు భద్రపరిచాం. దసరా నాటికి మళ్లీ నీళ్లలోకి దించాం. అప్పుడు మొదలైంది తంటా. రేవు వదిలిన పావుగంటకు ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. కాసేపు ఊరుకొని తాడు లాగితే అందుకునేది. మరికొంత దూరం పోయాక మళ్లీ అదే వరస.

మెకానిక్కు దగ్గరకు మూడుసార్లు మోసుకెళ్లాం. మొదట ప్లగ్గులు మార్చాడు. తరువాత కార్బురేటరు విప్పి కడిగాడు. మూడోసారి కాయిల్ మార్చాడు. ఆయన దగ్గర ఎంతసేపైనా తిరిగిన ఇంజను మా రేవుకు రాగానే మొరాయించేది. పదకొండు వేలు ఖర్చయ్యాయి. డబ్బు కంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. బోటు అమ్మినాయన మోసం చేశాడని నిశ్చయించుకొని, సంతలో నలుగురి ముందు నిలదీశాం. "మీకిచ్చిననాడు బాగానే ఉందండీ" అని ఆయన ఎంత చెప్పినా మేము వినలేదు.

ఒక సాయంత్రం మాలో ఒకరి ఆడపిల్లకు నొప్పులు మొదలయ్యాయి. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, మూత బిగించి బయలుదేరాం. ఏటి నడుమ ఇంజను ఆగింది. గడ వేస్తే అడుగు అందలేదు. ప్రవాహం బోటును ఈడ్చుకుపోతుంటే లంగరు వేసి నిలిపాం. చీకట్లో టార్చిలైటు ఊపగా ఊపగా చేపల పడవ వారు చూసి ఒడ్డుకు చేర్చారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. కాని ఆ అరగంట మూలుగు మా చెవుల్లో నుంచి ఇంకా పోలేదు.

ఆ పడవలోని ముసలి సరంగు మరునాడు మా రేవుకు వచ్చారు. ఇంజను జోలికి పోలేదు. మమ్మల్నే ప్రశ్నలడిగారు. "ఎంతసేపటికి ఆగుతోంది? అప్పుడు ట్యాంకులో పెట్రోలెంత? గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డి గట్టిగా ఉందా, పీల్చుకుపోయిందా?" ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. "వారం రోజులు పుస్తకంలో రాయండి, అయ్యగారూ. ఆ తరువాతే స్పానరు పట్టండి" అన్నారు.

రాశాం. వారం తిరిగేసరికి సంగతి తేటపడింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు త్వరగా, సగమున్నప్పుడు ఆలస్యంగా ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ రబ్బరు బుడ్డి చప్పిడిగా అతుక్కుపోయి ఉంది. ట్యాంకు మూత విప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే ఇంజను అందుకుంటోంది.

ఇంజను పెట్రోలు పీల్చుకున్న కొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. అందుకే ట్యాంకు మూతకు చిన్న రంధ్రం, దాన్ని తెరిచి మూసే మర ఉంటాయి. మేము మర తెరుస్తూనే ఉన్నాం. రంధ్రంలో మాత్రం కందిరీగ మట్టిగూడు పెట్టింది! అది పాకలో ఉన్న రెండు నెలల్లో జరిగిన పని. మెకానిక్కు తన సొంత డబ్బా తగిలించి పరీక్షించేవాడు గనుక ఆయనకు లోపం కనబడలేదు. మూత విడదీసి, సన్నని తీగతో మట్టి తోసేశాం. పైసా ఖర్చు కాలేదు.

తప్పు మా పాకలోనే ఉంది. నింద మాత్రం ఒక నిర్దోషి మీద వేశాం. ఐదు కుటుంబాల వారమూ ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. సంతలో అన్న మాట గనుక సంతలోనే వెనక్కి తీసుకున్నాం.

అనుభవం మీద చెప్పే కొన్ని జాగ్రత్తలు:

ఆగిన వెంటనే రబ్బరు బుడ్డి నొక్కి చూడండి. చప్పిడిగా ఉంటే ముందు గాలి రంధ్రం, తరువాత గొట్టం చూడండి. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను లాగుతుంది, పాత రబ్బరును పాడుచేయగలదు. నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకండి. అనుమానముంటే అడుగు పెట్రోలు గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే, నీరు కిందికి దిగి కనబడుతుంది.

ఇంజను పక్కనుంచి చిమ్మే నీటిధార ఆగితే వెంటనే ఇంజను ఆపండి. చల్లబరిచే నీరు అందడం లేదన్నమాట. ఇసుక దిబ్బల మీద నడిపితే లోపలి రబ్బరు చక్రం త్వరగా అరుగుతుంది.

పెట్రోలులో ఆయిలు కంపెనీ పుస్తకం చెప్పినంతే కలపండి. మా ఇంజనుకు లీటరుకు 20 మిల్లీలీటర్లు. మరమ్మతులో ఒకసారి ఒక్కటే మార్చండి. మూడు మార్చితే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

తెడ్లు, లంగరు, పొడవైన తాడు, టార్చి, మనిషికొక లైఫ్ జాకెట్ లేకుండా రేవు వదలకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునిగి ఎందరి ఇళ్లు చీకటయ్యాయో మరువకండి. ధవళేశ్వరం వద్ద నీరు 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడితే ఎంత మంచి ఇంజనున్నా బోటు ఒడ్డునే ఉండనివ్వండి.

ఆ వారం రాసిన పుస్తకం ఇప్పటికీ బోటులోనే ఉంది. ఇంజను ఆగినప్పుడు "ఎవరు మోసం చేశారు?" అని అడగడం మానుకున్నాం. "ఎప్పుడు ఆగింది?" అని రాసుకుంటున్నాం.