కరగించి చూచిన కడ్డీలు

పొయ్యిలోని కట్టెను వెలుపలికి లాగినచో మంట ఆరిపోవును. అణు రియాక్టరునకు ఆ సౌలభ్యము లేదు. శృంఖలా ప్రతిచర్యను క్షణములో నిలిపివేసినను, అప్పటికే జనించియున్న విచ్ఛేదన శకలములు వేడిమిని విడుచుచునే యుండును. ఆపిన తక్షణము ఆ వేడిమి పూర్ణశక్తిలో నూటికి ఆరేడు పాళ్లు. ఒక దినము గడచిన పిమ్మట అర పాలునకు దిగినను, 3000 మెగావాట్ల ఉష్ణశక్తి గల యంత్రమున అది 15 మెగావాట్లగును. ఆ వేడిమిని కొనిపోవు నీరు కరవైనచో ఇంధనము తన్ను తానే కరగించుకొనును.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రమున జరిగినది ఇదియే. ఇంధనగర్భములో దాదాపు సగము కరగెను. అందు 20 టన్నుల వరకు అడుగునకు జారినను ఉక్కుపాత్ర చిల్లుపడలేదు. థైరాయిడ్ గ్రంథిని చేరి హాని చేయు రేడియోధార్మిక అయోడిన్ సయితము భయపడినంతగా వెలికి రాలేదు. ఇది యంత్రపు గొప్పతనమా, కేవలము అదృష్టమా?

కాగితముపై లెక్కలతో తేలని ఈ సంశయమును తీర్చుటకై ఫ్రాన్సు దక్షిణమున కదరాష్ పరిశోధనాక్షేత్రములో, సూర్యదేవుని పేరు దాల్చిన ఫెబ్యుస్ అను చిన్న రియాక్టరునందు, ఐరోపా సంఘము, అమెరికా, జపాను, కొరియా, కెనడా మొదలగువాని సహకారముతో, 1993 నుండి 2004 వరకు ఐదు పర్యాయములు ఇంధనమును బుద్ధిపూర్వకముగా కరగించి చూచిరి. పెద్ద రియాక్టరులో ఐదువేలవ వంతు కొలతతో, చాల పరీక్షలలో మీటరు పొడవు గల ఇరువది ఇంధనపు కడ్డీలును, నడుమ ఒక నియంత్రణ కడ్డీయును. రియాక్టరును కప్పియుండు మహాకట్టడమునకు బదులుగా 10 ఘనమీటర్ల తొట్టి.

యురేనియం ఆక్సైడు 2800 డిగ్రీలు దాటిననే గాని కరగదు. అయినను కడ్డీలు అంతకు కొన్ని వందల డిగ్రీల దిగువనే కుప్పకూలెను. అంతకన్న విస్మయకరమైనది అయోడిన్ ప్రవర్తనము. అది సీసియముతో కలిసి లవణమై నీటిలో లీనమగునని పండితులు తలచియుండగా, కొంత భాగము ఆరంభముననే వాయురూపమున తొట్టిలో ప్రవేశించెను. దానికి విరుగుడు ఎవరును ఊహింపనిచోటనుండి వచ్చినది: నియంత్రణ కడ్డీలోని వెండి తొట్టి అడుగుననున్న నీటిని చేరి, అయోడిన్‌ను కరగని సమ్మేళనముగా పట్టి నిలిపెను. న్యూట్రాన్లను మ్రింగుటకై అమర్చిన లోహము, ఏ శిల్పియు నియమింపని కావలి కాసినది!

ఈ ముచ్చట చూచి నిశ్చింతగా నుండుట తగదు. వెండికి మారుగా బోరాన్ కార్బైడు నుంచిన చివరి పరీక్షలో వాయురూప అయోడిన్ పాలు మిక్కిలి హెచ్చెను. 2011లో జపానులోని ఫుకుషిమాలో కరగిన మూడు రియాక్టర్ల నియంత్రణ కడ్డీలలో నున్నదియు బోరాన్ కార్బైడే. అందువలన ఒక యంత్రమున నేర్చిన పాఠమును మరియొకదానికి యథాతథముగా వర్తింపజేయు నిపుణుని మాటను నేను సులభముగా నమ్మను.

ఫెబ్యుస్‌లో కరగినవి కొద్ది కడ్డీలు; ఫుకుషిమా మూడింటిలో కరగి గడ్డకట్టిన పదార్థము సుమారు 880 టన్నులని అంచనా. అందుండి 2024 నవంబరులో, పదమూడేండ్ల పిమ్మట, పొడవుగా సాగు పరికరముతో తొలిసారిగా వెలికి తీసిన తునక ఒక గ్రామునకైనను తూగలేదు.