స్వామికి బ్యాటు... మనకు గుమ్మం!

మాటలు లేని ఆ కూనిరాగం ఎక్కడైనా వినబడితే చాలు... నలభై అయిదేళ్లు దాటిన ఆడవాళ్లు చేతిలో గరిటె చేతిలోనే ఉంచుకుని ఆగిపోతారు. 'మాల్గుడి డేస్' కదూ! ఆర్‌.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు తెర మీద ఒక్కొక్కటే కనిపిస్తుంటే, ఎల్‌. వైద్యనాథన్ బాణీ వినిపిస్తుంటే ఇల్లంతా టీవీ ముందు చేరేది. అందులో స్వామి అనే పిల్లాడికి క్రికెట్ పిచ్చి. మనకేమో స్వామి పిచ్చి! ముప్ఫై ఏళ్లు దాటిపోయినా అది వదల్లేదు. ఎందుకంటారు? కథ బాగుండబట్టా? ఆ పిల్లాడు ముద్దుగా ఉండబట్టా? ఇంకో సంగతి కూడా ఉన్నట్టుంది. కాస్త తరచి చూద్దాం.

"వచ్చిందా... పోయిందా?"

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో సీరియల్ చూడడమంటే ఇంటిల్లిపాదికీ పనే. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా పల్లెల దాకా బొమ్మ చేరడానికి చాలా ఏళ్లే పట్టింది. అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో (2022 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా అయింది) జగ్గయ్యపేట, నందిగామ మేడల మీద ముందు యాంటెన్నాలు లేచాయి. తర్వాత పెనుగంచిప్రోలు లాంటి ఊళ్లకు వచ్చాయి. టీవీ ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో. మిగతా వీధంతా ఆ ఇంటి చాప మీదే!

అన్నయ్య మేడెక్కి యాంటెన్నా తిప్పేవాడు. చెల్లెలు వాకిట్లో నిలబడి లోపలి కబురు పైకి అరిచి చెప్పేది. "వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడే ఆపు!" ఇంతా చేసి బొమ్మ కుదిరాక 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని పడితే ఎంత ఉసూరుమనిపించేదో!

మరో తిప్పలు భాషతో. రామాయణం అంటే కథ అందరికీ తెలిసిందే కాబట్టి హిందీ రాకపోయినా ఫరవాలేదు. స్వామి కథ అలా కాదే! హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక, మధ్యమ పరీక్షలు కట్టిన ఆడపిల్లలే ఆ పూట ఇంటికి దుబాసీలు. "ఏమంటున్నాడే వాడు?" "మద్రాసు నుంచి బ్యాట్లు తెప్పిస్తారట నాయనమ్మా!" "బ్యాట్లంటే?" ఇది విప్పి చెప్పేలోగా సగం సీను అయిపోయేది.

స్వామి వెలగబెట్టిందేమిటి?

ఆర్‌.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో అచ్చయింది. అది ఆయన తొలి నవల. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ 1980ల రెండో సగంలో దాన్నీ, నారాయణ్ రాసిన మరికొన్ని కథల్నీ కలిపి టీవీకి ఎక్కించారు. షూటింగు చాలావరకు కర్ణాటకలోని ఆగుంబెలో జరిగింది. మాస్టర్ మంజునాథ్ స్వామి అయితే, గిరీష్ కర్నాడ్ వాళ్ల నాన్న. సీరియల్లో మాల్గుడి స్టేషన్‌గా కనిపించిన అరసాళు రైల్వేస్టేషన్‌లో 2020లో ఏకంగా మాల్గుడి మ్యూజియమే పెట్టారు. చూశారా, లేని ఊరికి ఎంత వైభోగమో!

స్వామి, మణి, రాజం కలిసి మాల్గుడి క్రికెట్ క్లబ్బు పెడతారు. ముద్దుగా ఎం.సి.సి.! జట్టు పెడితే సర్కారుకు పన్ను కట్టాలా అని మల్లగుల్లాలు పడతారు. మద్రాసు మౌంట్ రోడ్డులోని కంపెనీకి బ్యాట్లు, బంతులు, వికెట్లు పంపమని ఉత్తరం రాస్తారు. స్వామి బౌలింగు చూసి, ఇంగ్లండు బౌలరు పేరు మీద వాడికి 'టేట్' అని బిరుదు కూడా ఇచ్చేస్తారు.

తీరా మ్యాచ్ దగ్గర పడేసరికి బళ్లో డ్రిల్లు క్లాసు అడ్డం. ప్రాక్టీసుకు పోనివ్వరు. హెడ్మాస్టరు బెత్తం ఎత్తేసరికి ఆ బెత్తం లాగి కిటికీలోంచి విసిరేసి పారిపోతాడు స్వామి. అడవిలో దారి తప్పుతాడు. ఇంటికి చేరేసరికి మ్యాచ్ అయిపోయింది. జట్టు ఓడిపోయింది. రాజం మాట్లాడడు. ఆఖరికి రాజం రైలెక్కి వెళ్లిపోతుంటే స్వామి ప్లాట్‌ఫారం మీద నిలబడిపోతాడు. అక్కడ ఏడవని పిల్లెవరు చెప్పండి?

నాయనమ్మ నిమ్మకాయ

ఇప్పుడు ఆ నవల మళ్లీ తిరగేస్తే, చిన్నప్పుడు పట్టించుకోని ఒక చిన్న సంగతి చటుక్కున కంటబడుతుంది. స్వామి నాయనమ్మకు కడుపునొప్పి. ఒక్క నిమ్మకాయ తెచ్చిపెట్టమని మనవణ్ని అడుగుతుంది. వాడికి రాజం ఇంటికి వెళ్లే తొందర. కుదరదనేసి వెళ్లిపోతాడు. తర్వాత గుర్తొచ్చి బాధపడతాడు, అది వేరే మాట. పైగా ఆవిడకు టేట్ ఎవరో తెలియదని, క్రికెట్ అంటే ఏమిటో తెలియదని వీడికి ఎక్కడలేని ఆశ్చర్యం! కూర్చోబెట్టి పాఠం చెబుతాడు.

ఆ కథలో ఆడవాళ్లెవరని చూడండి. వంటింట్లో అమ్మ, మంచం మీద నాయనమ్మ. స్వామి జట్టులో గానీ, ఎదుటి జట్టులో గానీ ఒక్క ఆడపిల్ల కనిపించదు. నారాయణ్ తన కాలంలో ఉన్నదే రాశారు. తప్పు పట్టే పనిలేదు. కాకపోతే మనం ఏ పాత్రలో దూరి ఆ కథ చూశామన్నదే తమాషా. మనమెవరం నాయనమ్మలం కాలేదు, అమ్మలం కాలేదు. అందరం స్వామి అయిపోయాం! ఆ అరగంటసేపు బంతి మన చేతిలోనే ఉండేది.

వేపచెట్టు కింద డ్రిల్లు పిరియడ్

మరి టీవీ కట్టేశాక? మన ఆటలు మనకున్నాయి. తొక్కుడుబిళ్ల, వామనగుంటలు, గచ్చకాయలు, కుంటాట. బళ్లో ఖోఖో, రింగు ఆట. రింగు ఆటను టెన్నికాయిట్ అంటారని ఎంతమందికి తెలుసో గానీ, పరికిణీ కుచ్చెళ్లు దోపుకుని ఆ రబ్బరు రింగు కోసం గాల్లోకి ఎగిరినవాళ్లు మాత్రం బోలెడుమంది.

వేసవిలో మున్నేరు ఇసుక తేలితే అది మగపిల్లల గ్రౌండు. తాటిమట్ట బ్యాటు, గుడ్డలు చుట్టిన బంతి. ఆడపిల్లలూ ఏటికి వెళ్లేవాళ్లే... ఉతకాల్సిన బట్టల మూటతో! బళ్లో డ్రిల్లు పిరియడ్ గంట కొడితే బంతి అబ్బాయిలకు, వేపచెట్టు నీడ అమ్మాయిలకు. కబుర్లు చెప్పుకోవచ్చు, జడలు వేసుకోవచ్చు.

ఉన్న ఆటలైనా ఎన్నాళ్లు? ఎనిమిదో తరగతో, తొమ్మిదో తరగతో... పిల్ల పెద్దమనిషి అయిందని పదిమందినీ పిలిచి, పట్టుపరికిణీ కట్టి, పేరంటం చేశాక అన్నీ బంద్. "మగరాయుడిలా ఆ గెంతులేమిటే?" అనే మాట అప్పట్నుంచి మొదలు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నిన్నటిదాకా వీధిలో ఉన్న పిల్ల ఇవాళ గుమ్మంలో నిలబడిందంతే. స్వామికి బెత్తమైనా అడ్డొచ్చింది కాబట్టి కిటికీలోంచి విసిరేశాడు. మనకు అడ్డొచ్చింది ఓణీ! దాన్నెక్కడ విసిరేస్తాం?

ఆ సీరియల్ తలుచుకుంటే గొంతు పట్టేసినట్టు అవుతుందే... అది స్వామి కోసమేనా, సగంలో ఆగిపోయిన మన ఆట కోసమా?

పతకం తెస్తేనే ఆటా?

కాలం మారలేదా అంటే, బ్రహ్మాండంగా మారింది. 1991లోనే పరుగుల రాణి అశ్వినీ నాచప్పను కథానాయికగా పెట్టి తెలుగులో 'అశ్విని' సినిమా వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. హైదరాబాద్‌లో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 1999 నుంచి 2022 దాకా దేశానికి ఆడి, వన్డేల్లో 7,805 పరుగులు చేసింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఫుట్‌బాల్‌లో దేశం జెర్సీ తొడిగి, క్రొయేషియా క్లబ్బుకూ ఆడి వచ్చింది. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఉన్న జట్టే 2025 నవంబరు 2న ప్రపంచకప్పు ఎత్తింది. ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు నిద్ర మానుకుని కూర్చున్నారో మనకు తెలియంది కాదు.

అంతా బాగానే ఉంది. ఇక్కడే ఒక్క మాట. స్వామి ఏం గెలిచాడు? ఏమీ గెలవలేదు. అసలు మ్యాచే ఆడలేదు! వాళ్ల జట్టు ఓడిపోయింది. అయినా వాడి ఆటకు మనం విలువ కట్టామా? లేదే! "పిల్లాడన్నాక ఆడుకోడా?" అనుకున్నాం.

అదే అమ్మాయి విషయానికొస్తే లెక్క మారిపోతుంది. "ఆడితే ఏమొస్తుంది?" "స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందా?" "జిల్లాకు ఆడుతుందా?" అని ఆరా తీస్తాం. పతకం తెచ్చిన అమ్మాయికి పూలదండ వేస్తాం. ఉత్తినే, సరదాకి, ఓడిపోవడానికి ఆడే అమ్మాయికి మాత్రం "చదువుకో పో" అంటాం. వందలో ఒకతే మిథాలీ అవుతుంది. మిగతా తొంభై తొమ్మిది మందికీ సాయంత్రాలు అక్కర్లేదా? చెమట పట్టేలా పరిగెత్తడం, ఓడిపోయి ఉడుక్కోవడం, అలిగి మళ్లీ మర్నాడు కలిసిపోవడం... ఇవి స్వామికి దొరికాయి. అమ్మాయికీ దొరకాలి. అబ్బాయిల్లాగే అధ్వానంగా ఆడే హక్కు కూడా ఆడపిల్లకుండాలి మరి!

అమ్మలూ, మన చేతుల్లో ఉన్నవి ఇవి

* ట్యూషన్‌కు టైము ఎలా కేటాయిస్తామో ఆటకూ అలాగే ఒక గంట కేటాయించండి. పరీక్షలప్పుడు ముందు కోసేది ఆ గంటనే కాకుండా చూడండి.

* రజస్వల అయ్యాక ఆట మానిపించే పనిలేదు. ఒంట్లో బాగుంటే ఆ రోజుల్లోనూ ఆడుకోవచ్చు. నొప్పి, అసౌకర్యం ఉంటే విశ్రాంతి. ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆగాలో పిల్లకే వదిలెయ్యండి.

* బళ్లో పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల సంగతితో పాటు "డ్రిల్లు పిరియడ్‌లో అమ్మాయిలకు బంతి ఇస్తున్నారా?" అని కూడా అడగండి. నలుగురు అమ్మలు అడిగితే వాళ్లూ ఆలోచిస్తారు.

* ఇంట్లో చిన్నచిన్న పనులు అన్నాచెల్లెళ్లిద్దరికీ పంచండి. నిమ్మకాయ తెచ్చే పని అబ్బాయికి చెబితే, అమ్మాయికి ఓ పావుగంట మిగులుతుంది!

* మీ సంగతో? త్రోబాల్, రింగు, షటిల్... కాలనీలో అయిదారుగురు వదినామరదళ్లు కలిస్తే జట్టు తయారు. మోకాళ్లు సహకరించకపోతే అంపైరుగా నిలబడండి.

మాల్గుడి కథలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. యాంటెన్నా తిప్పే పని లేదు. ఓ ఆదివారం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని స్వామి కథ చూడండి. హిందీ అర్థం కాకపోతే దుబాసీ పని మీకెలాగూ అలవాటే! చూడడం అయ్యాక ఎండ తగ్గుతుంది కదా... బంతి ఎక్కడుందో వెతకండి.